బత్హాలో చీటీల డబ్బా

రియాద్ వచ్చిన కొత్తలో ఎవరైనా "మీరు ఏం డాక్టరండీ?" అని అడిగితే "ఊపిరితిత్తుల డాక్టర్ని" అని చెప్పేవాణ్ణి. "ఓహో, టీబీ డాక్టరన్నమాట" అని, తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసేవారు. భోజనాలకి పిలిచినవాళ్ళు కూడా పిల్లల్ని నా పక్కన కూర్చోబెట్టడానికి కాస్త సందేహించేవారు. ఇరవయ్యేళ్ళు దాటాయి. ఇప్పుడెవరూ వెనక్కి జరగరు గాని, ప్రశ్నలు మాత్రం అవే.

ఆ ప్రశ్నల కథ 2009 మార్చి 10న మొదలైంది. ఆ రోజు మంగళవారం. పొద్దున ఓపీ చూస్తున్నాను. కిటికీ వైపు తిరిగేసరికి ఆకాశం నారింజ రంగుకి మారుతోంది. నర్సు వచ్చి లైట్లు వేసేలోపు బయట చీకటైపోయింది. ఎడారి లేచి నడిచి వచ్చినట్టు ఒక ఇసుక గోడ ఊరంతా కమ్మేసింది. విమానాలు ఆగిపోయాయి. మధ్యాహ్నం నించి మా ఎమర్జెన్సీలో నెబ్యులైజర్ మిషన్లు చాలలేదు. వచ్చినవాళ్ళలో మనవాళ్ళు చాలామంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, రాయచోటి. బిల్డింగుల మీద పని చేస్తూ, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆ గాలిలోనే నిలబడ్డవాళ్ళు.

రెండు వారాల తర్వాత, క్షయ దినం వచ్చిన వారంలోనే, శుక్రవారం నాడు బత్హాలో ఒక హోటల్ మేడ మీద తెలుగు మిత్రులు నాచేత ఒక సభ పెట్టించారు. బత్హా అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. రియాద్‌లో శుక్రవారం సాయంత్రం మన కూలీలందరూ కలుసుకునే చోటు అది. డబ్బు పంపేవాళ్ళు, ఫోన్ కార్డులు కొనేవాళ్ళు, ఊరివాళ్ళ కోసం వెతుక్కునేవాళ్ళు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క మూల.

మైకు పట్టుకుని "ప్రశ్నలడగండి" అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. వందమంది ముందు తన దగ్గు గురించి ఎవడు చెప్పుకుంటాడు? అప్పుడు హోటల్ కుర్రాడు ఒక ఖాళీ నిడో పాలపొడి డబ్బా తెచ్చాడు. చీటీల మీద రాసి అందులో వేయమన్నాం. రాయడం రానివాళ్ళకి పక్కవాళ్ళు రాసిపెట్టారు. పావుగంటలో డబ్బా నిండింది.

మొదటి చీటీ: "దుమ్ము పీల్చితే టీబీ వస్తదా?" రాదు. టీబీ సూక్ష్మజీవి వల్ల వస్తుంది, ఒకరి దగ్గు నించి ఇంకొకరికి. కానీ రాయి కోసేవాళ్ళ సంగతి వేరు. గ్రానైటు, టైల్సు, కాంక్రీటు కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగుతుంది. కనిపించనిదే లోపలికంటా పోయి ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది. దాన్ని సిలికోసిస్ అంటారు, నయం చేసే మందు లేదు. పైగా అలాంటి ఊపిరితిత్తుల్లో టీబీ తేలిగ్గా చేరుతుంది. తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. నీళ్ళు పోస్తూ కోయాలి, సరైన మాస్కు అడిగి పెట్టుకోవాలి. "అడిగితే ఇయ్యరు సార్" అని వెనకనించి ఒక గొంతు. దానికి నా దగ్గర మందు లేదు.

రెండోది: "బెల్లం తింటే దుమ్ము పోతదంటరు, నిజమేనా?" బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెండూ వేరే దారులు. మన గాలి గొట్టాల లోపల కంటికి కనపడని వెంట్రుకల్లాంటివి ఉంటాయి, చీపుళ్ళలాగా దుమ్మును పైకి ఊడ్చేస్తూ ఉంటాయి. సిగరెట్టు ఆ చీపుళ్ళని పడుకోబెడుతుంది. తెల్లారగానే పొగ తాగేవాళ్ళకి దగ్గు రావడానికి అదొక కారణం. "కళ్లె" అన్నాను, సగం మందికి అర్థం కాలేదు. "తెమడ" అన్నాక అందరూ తలలూపారు. నా ఒంగోలు తెలుగుకి అక్కడ మొదటిసారి అనువాదం కావలసి వచ్చింది.

ఇన్‌హేలర్ మీద ఆరేడు చీటీలు. "అలవాటైపోతుందా?" అని. అలవాటు కాదు. జబ్బు ఉన్నన్నాళ్ళూ మందు కావాలి, అంతే తేడా. సాల్బుటమాల్ మాత్ర నాలుగు మిల్లీగ్రాములుంటుంది. అదే మందు ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో వంద మైక్రోగ్రాములు, అంటే మాత్రలో నలభయ్యో వంతు. మాత్ర ఒళ్ళంతా తిరిగి చేతులు వణికిస్తుంది. ఇది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీలం రంగుది అప్పటికప్పుడు ఆయాసం తగ్గించడానికి. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వేరు, అది వాడాక నోరు పుక్కిలించాలి. ఆయాసం లేదని దాన్ని మానేసి, నీలందే పది సార్లు కొట్టుకునేవాళ్ళే చివరికి నా ఎమర్జెన్సీకి వచ్చేది. ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం దాన్ని వదిలేయకండి, ఆ వేడికి డబ్బా పేలవచ్చు.

ఒకాయన "మృగశిర కార్తెకి హైదరాబాదు పోయి చేప మందు మింగితే దమ్ము పోతుందా? లీవు పెట్టుకోవాల్నా?" అని రాశాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా పెద్దనాన్న మూడేళ్ళు వరసగా ఆ కొర్రమీను మింగినవాడు. బత్తిని వారు డబ్బు తీసుకోకుండా ఇస్తారు, లక్షల మంది నమ్మకంతో వస్తారు. కానీ దానితో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. "పోవాలనిపిస్తే పోండి. కానీ ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని పోండి, తిరిగొచ్చాక కూడా మానకండి" అన్నాను. ఇప్పటికీ నా జవాబు అదే.

షీషా గురించి అడిగితే చాలామంది నమ్మరు. నీళ్ళలోంచి వస్తుంది కదా, శుభ్రపడదా అంటారు. చల్లబడుతుంది, శుభ్రపడదు. గంటసేపు షీషా పీలిస్తే ఒక సిగరెట్టు కంటే వంద నించి రెండొందల రెట్లు పొగ లోపలికి పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. చలికాలంలో గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం ఇంకా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, దగ్గు రాదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎడారిలో గొర్రెలు కాసే మనవాళ్ళు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఆ సభకి రాలేదు. వాళ్ళకి శుక్రవారాలు లేవు. తర్వాత ఫోన్లో అడిగారు. ఒకావిడ, గోదావరి జిల్లా మనిషి, బాత్రూము కడగడానికి బ్లీచూ యాసిడూ కలిపి పోసింది. వచ్చిన గాలికి గొంతు పట్టేసి పడిపోయింది. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్. ఎప్పుడూ కలపకూడదు. "రెండూ కలిపితే తొందరగా తెల్లబడుద్దనుకున్నా బాబూ" అంది.

ఇక అసలు చీటీ సంగతి. డబ్బా అడుగున ఉంది, సిగరెట్టు పెట్టె చింపి దాని మీద రాశారు. "మా రూమ్మేటుకు దగ్గితే రక్తం పడుతున్నది. చెప్తే పంపిస్తరు. చెప్పకపోతే ఏమైతది?"

అది చదివాక కాసేపు మాట్లాడలేకపోయాను. చీటీ బయటికి చదవకుండానే, రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించుకోవాలని, రక్తం పడితే ఒక్కరోజు కూడా ఆగకూడదని చెప్పాను. టీబీ ఒకప్పుడు చావు చీటీ. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తెరిచినప్పుడు రోగికి ఇవ్వగలిగింది మంచి గాలీ, తిండీ, విశ్రాంతీ మాత్రమే. మందులొచ్చాక 1950ల్లో మద్రాసులో ఒక గొప్ప పరిశోధన జరిగింది. ఇంట్లో ఉండి మందులు వేసుకున్న పేద రోగులు శానిటోరియంలో ఉన్నవాళ్ళతో సమానంగా కోలుకున్నారు. ఇంట్లో వాళ్ళకి అదనపు ప్రమాదమూ రాలేదు. ఇప్పుడు ఆరు నెలల మందులు మన దేశంలో ఉచితం. ఇదంతా చెప్పి, "అందరూ వెళ్ళాక అరగంటసేపు కింద బూఫియా దగ్గర టీ తాగుతూ ఉంటాను" అన్నాను.

వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. జగిత్యాల వైపు మనిషి. "గది మా దోస్తు ముచ్చట సార్" అని మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో దగ్గు వచ్చింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక దోస్తు గురించి నేను అడగలేదు.

"ఎన్నాళ్ళనించి తమ్ముడూ?"

"నెల దాటింది సార్. కంపెనీల ఎర్కైతే ఎగ్జిట్ కొడ్తరు. అప్పు ఇంక లక్షా ఇర్వై వేలున్నది. నూటికి మూడు రూపాల మిత్తి. గోలీలేవో మీరే ఇయ్యరాదు, ఎవ్వలకు చెప్పకుండ?"

గదిలో ఎంతమంది అని అడిగాను. ఆరుగురు, మంచం మీద మంచం. కిటికీ ఎప్పుడూ తెరవరు, ఏసీ గాలి పోతుందని. ఇది కనపడితే ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే, దాచడం నా చేతుల్లో లేదని చెప్పాను. దాచగలిగినా దాచనన్నాను. ఆ అయిదుగురి సంగతి ఏమిటన్నాను. తల వంచుకుని టీ తాగాడు. ఆదివారం వచ్చాడు. తెమడలో క్రిములు కనిపించాయి.

ఆస్పత్రిలో ఉంచి మందులు మొదలుపెట్టాం. అంటించే దశ దాటాక అతని కంపెనీ అతను భయపడ్డట్టే ఎగ్జిట్ కొట్టింది. మిగతా అయిదుగురికీ ఎక్స్‌రేలు తీశాం. కడప జిల్లా కుర్రవాడొకడికి అప్పుడే మొదలవుతోంది. ఇరవై రెండేళ్ళవాడు. తొందరగా పట్టుకోగలిగాం.

రెండేళ్ళ తర్వాత జగిత్యాల నించి ఫోన్. "మంచిగైన సార్. కోర్సు మొత్తం చేసిన. బరువు గూడ పెరిగిన." నాకు చాలా సంతోషమేసింది. తర్వాత చెప్పాడు, దుబాయి వీసా కోసం మెడికల్‌కి పోయాడట. ఎక్స్‌రేలో పాత మచ్చ చూసి అన్‌ఫిట్ రాశారట. గల్ఫ్ మెడికల్‌లో నయమైన టీబీ మచ్చ కనపడినా అంతే. ఆ సంగతి నాకు ముందే తెలుసు. బూఫియా దగ్గర అతనికి చెప్పలేదు. చెబితే ఆదివారం రాడేమోనని భయపడ్డాను.

"ఇగ గల్ఫు బంద్. అప్పు మా ఇంటామె బీడీలు చేసి కడ్తంది" అన్నాడు. కాసేపాగి, ఏ కోపమూ లేకుండా, "గారోజు మీ చాయ్ తాగకుంటే ఇంకో ఏడాది చేస్తుంటి సార్. అప్పు తీరుతుండె" అన్నాడు.

నేనేమీ అనలేదు. ఇంకో ఏడాది ఉండేవాడో లేదో, ఉంటే ఆ కడప కుర్రవాడు ఏమయ్యేవాడో, ఇవన్నీ డాక్టరుగా నాకు తెలుసు. కానీ నూటికి మూడు రూపాయల మిత్తికి అది జవాబు కాదు. చివరికి "మీ ఆవిడకి దగ్గుందా?" అని అడిగాను. "ఎప్పటికి ఉంటది సార్, తంబాకు దుమ్ము గద" అన్నాడు. తెమడ పరీక్ష చేయించమన్నాను. బీడీలు గదిలో కాకుండా అరుగు మీద కూచుని చేయమని, తంబాకు చాట పిల్లలు పడుకునే చోట పెట్టొద్దని చెప్పాను.

ఫోన్ పెట్టేశాక మా నాన్న గుర్తొచ్చాడు. మాది ఒంగోలు దగ్గర పల్లె. వర్జీనియా పొగాకు పండించేవాళ్ళం. బ్యారనీలో ఆకు క్యూరింగ్ అయ్యేటప్పుడు రాత్రంతా నాన్న దగ్గుతూ కాపలా ఉండేవాడు. నా మెడికల్ కాలేజీ ఫీజు ఆ ఆకు అమ్మిన డబ్బే. ఇక మా అమ్మమ్మ ఏనాడూ చుట్ట ముట్టలేదు. అయినా కట్టెల పొయ్యి ఊది ఊది, సిగరెట్లు తాగినవాడి ఊపిరితిత్తుల్లాంటివాటితో పోయింది. 1999లో దీపం పథకం కింద ఊళ్ళోకి గ్యాసు పొయ్యిలు వచ్చేనాటికి ఆమె లేదు. సభల్లో "పొగ తాగకండి" అని చెప్పేటప్పుడు వీళ్ళిద్దరూ నా పక్కనే ఉన్నట్టుంటుంది. గొంతు పెంచి మందలించలేను.

తర్వాత చాలా వచ్చాయి. 2012లో జెద్దాలో ఒక రోగి నించి అలీ మొహమ్మద్ జకీ అనే ఈజిప్టు వైరాలజిస్టు కొత్త కరోనా వైరస్‌ని పట్టుకున్నాడు. అదే మెర్స్. 2014లో జెద్దా ఆస్పత్రుల్లో అది బాగా వ్యాపించినప్పుడు మా డబ్బా నిండా ఒంటెల ప్రశ్నలే. ఒంటెపాలు కాచి తాగండి, ఒంటెల్ని చూసుకున్నాక చేతులు కడుక్కోండి అని చెప్పాం. 2017లో పొగాకు మీద నూటికి నూరు శాతం పన్ను వేస్తే, నా మాట వినని కొందరు ధర మాట విని మానేశారు. 2020లో కరోనా వచ్చి సభలే లేకుండా పోయాయి. ఫోన్‌లోనే దగ్గులు విన్నాను.

మళ్ళీ ఇప్పుడు కూర్చుంటున్నాం. డబ్బా మారింది, ప్రశ్నలు మారలేదు. ఏడాదికో రెండేళ్ళకో అలాంటి చీటీ ఒకటి వస్తుంది. చెప్పకపోతే ఏమవుతుంది అని. ఇప్పుడు బూఫియా దగ్గర అంతా చెబుతాను. జబ్బు నయమవుతుందని, పక్క మంచం వాడికి అంటవచ్చని, మచ్చ ఉండిపోతుందని, మళ్ళీ గల్ఫుకి రావడం కష్టమని. నేను దాచనన్న సంగతి కూడా. అన్నీ విన్నాక కొందరు టీ వదిలేసి లేచిపోతారు.

చాలామంది ఆదివారం వస్తారు. రానివాళ్ళకి సోమవారం నేనే ఫోన్ చేస్తాను.