మెండోజా: మంచి సీసా, మధ్యతరగతి జేబు

ఏడాదికి 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే చోట ద్రాక్ష విరగపండుతుందంటే నమ్మబుద్ధి కాదు. కరువుకు పేరుబడ్డ మన అనంతపురంలోనే అంతకు రెండింతలకు పైగా కురుస్తుంది. అయినా అర్జెంటీనా దేశపు వైనులో అధికభాగం మెండోజా రాష్ట్రం నుంచే వస్తున్నది. ఈ వింతకు కారణం పడమట గోడ కట్టినట్లు నిలిచిన ఆండీస్ పర్వతాలు. పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే మేఘాలను అవి అవతలే నిలిపివేస్తాయి. ఆ మేఘాలిచ్చిన మంచును శిఖరాల మీద దాచుకొని, వేసవిలో కరిగించి ఇవతలి వారికి నదులుగా పంపుతాయి.

2024 మార్చిలో నేనూ మా ఇంటావిడా చిలీ రాజధాని సాంటియాగోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి దగ్గరకు వెళ్ళాము. “కొండ దాటితే ద్రాక్షసీమ, మామయ్యా! బస్సులో ఒక్క పగలు” అన్నాడు వాడు. అందులో వాడి పని కూడా కొంత ఉన్నది. ఇంటి యజమాని కుటుంబాన్ని భోజనానికి పిలిచాడట. ఆ దేశాల్లో విందుకు పిలిచి వైను పెట్టకపోవటం మన పెళ్ళిభోజనంలో పెరుగు వడ్డించకపోవటం వంటిది. సీసా మంచిదై ఉండాలి, జీతమా, అంతంతమాత్రం.

ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఈ వైను గొడవేమిటని పెద్దలు కోపగించుకోవద్దు. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని తరగతి గదిలో ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి. అసలు ద్రాక్ష పాకమయ్యే చోటు చూడాలనే కోరిక నాకు కలగటంలో తప్పులేదు గదా!

బస్సు మెలికల మీద మెలికలు తిరిగి, సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సొరంగం దూరి అర్జెంటీనాలో పడింది. 6,961 మీటర్ల అకొన్‌కాగువా శిఖరం కాసేపు తొంగిచూచి మాయమైంది. ఆ తరువాత గంటల తరబడి రాయీ, మన్నూ. పచ్చని ఆకు కరువు. చివరకు హఠాత్తుగా చెట్ల నీడలో మునిగిన ఊరు వచ్చింది. అదే మెండోజా.

1861లో వచ్చిన భూకంపం ఆ పట్టణాన్ని నేలమట్టం చేసింది. మళ్ళీ కట్టినప్పుడు వీధులు వెడల్పుగా వేశారు. ప్రతి వీధి పక్కనా రాతితోనో సిమెంటుతోనో కట్టిన చిన్న కాలువ ఉంటుంది. దీన్ని అసేకియా అంటారు. స్పెయిన్ వారు రాకముందే అక్కడి హువార్పే జాతివారు కాలువలు తవ్వి పైర్లు పండించేవారట. 1884 నాటి జలచట్టం ప్రకారం నీటి హక్కు భూమిని అంటిపెట్టుకొని ఉంటుంది. భూమిని విడిచి నీటిని విడిగా అమ్ముకోవటానికి లేదు. వంతు వచ్చినప్పుడు తూము ఎత్తే మనిషిని తొమేరో అంటారు. మన పల్లెల నీరుగంటికి అన్నగారన్నమాట.

ఆ నీరు తాగి పెరిగే ద్రాక్షల్లో రాణి మాల్బెక్. దాని పుట్టిల్లు ఫ్రాన్సులోని కావోర్ ప్రాంతం. పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ శాస్త్రజ్ఞుడు 1853 ప్రాంతంలో దాని తీగముక్కలను ఇక్కడికి తెచ్చాడు. పుట్టింట దానికి కష్టాలు తప్పలేదు. మొదట వేరుపురుగు, ఆపైన 1956 నాటి గడ్డుచలి తోటలను తుడిచిపెట్టాయి. మెట్టినింట మాత్రం అది కళకళలాడింది. పగలు ఎండ మెండు, రాత్రి వణికించే చలి. ఎండకు పండు తోలు మందమై రంగు చిక్కబడుతుంది. చలికి పులుపు నిలుస్తుంది. లుహాన్ దె కూజో తోటలు 1,000 మీటర్లకు దగ్గరగా ఉంటే, ఊకో లోయలో కొన్ని 1,500 మీటర్ల వరకూ ఎగబాకాయి.

ఇంతటి రాణికీ ఒకప్పుడు గండం వచ్చింది. తెచ్చిపెట్టింది చవకతనమే. 1970 ప్రాంతంలో అర్జెంటీనాలో మనిషికి ఏడాదికి సుమారు 90 లీటర్ల వైను చెల్లేది. దమహువానా అనే పెద్ద గాజు జాడీల్లో కొనుక్కొని, సోడా కలుపుకొని భోజనంతో తాగేవారు. రుచి ఎవరికి కావాలి? లీటర్లు కావాలి. తీరా ఆ వాడకం పడిపోయేసరికి ధర రైతుకు గిట్టలేదు. తోటలు పీకివేశారు. 50 వేల హెక్టార్లకు పైగా ఉండిన మాల్బెక్, 1990ల నాటికి సుమారు 10 వేలకు దిగిపోయింది. అప్పుడు కొందరు పట్టుదలగలవారు ఎత్తైన నేలలు వెతికి, దిగుబడి తగ్గించి, నాణ్యం పెంచారు. ఇప్పుడది మళ్ళీ 40 వేల హెక్టార్లు దాటింది.

ఇక అంగడి సంగతి. వైను మాత్రమే అమ్మే దుకాణాన్ని అక్కడ వినోతేకా అంటారు. గోడ నిండా సీసాలు; ఒకదాని ధరకు పక్కది పదింతలు. పైగా 2023లో ఆ దేశంలో ధరలు ఒక్క ఏడాదిలో మూడింతలయ్యాయి. మా మేనల్లుడు బిక్కమొగం వేశాడు. వైను ముట్టని మా ఇంటావిడ మాత్రం చీరల కొట్లో నిలబడ్డంత నిబ్బరంగా రెండు సీసాలు చేత పట్టుకొని, “ఇది బరువు, అది తేలిక. లోపలి సరుకు కొలత ఒకటే. గాజుకు కూడా మనమే డబ్బిస్తామా?” అన్నది.

“అవునత్తయ్యా, గాజుకూ ఇస్తాం, పీపాకూ ఇస్తాం” అన్నాడు వాడు.

ఆ పీపా లెక్క తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. కొత్త ఫ్రెంచి ఓకు పీపా వెల సుమారు 1,000 డాలర్లు. పట్టేది 225 లీటర్లు, అంటే 300 సీసాలు. ఒక్కసారే వాడితే సీసాకు 3 డాలర్లకు పైగా చెక్కకే పోతుంది. పీపా చూడని లేతవైనును హోవెన్ అంటారు. ఉక్కు తొట్టిలోనో సిమెంటు తొట్టిలోనో పులిసి, నేరేడుపండు వాసనతో, మెత్తగా దిగుతుంది. అదే నా లెక్కన ద్రాక్షాపాకం. ‘రెసెర్వా’ అని ఉంటే ఎర్రవైను కనీసం ఒక ఏడాది, ‘గ్రాన్ రెసెర్వా’ అని ఉంటే రెండేళ్ళు నిలవ ఉంచాలని నియమం. వాటిలో కొన్ని నారికేళపాకం. టెంక పగులగొట్టే ఓపిక ఉండాలి.

చవకలో మంచిది కావాలంటే మాల్బెక్ పక్కనే బొనార్దా ఉన్నది. పేరు ఇటలీది; జన్యుపరీక్షల్లో మాత్రం ఫ్రాన్సులోని సవోయ్ ద్రాక్ష అని తేలింది. పేరు మోగలేదు గనుక ధర ఎగరలేదు. ఉత్తరాన సాన్ హువాన్‌లో పండే సిరా కూడా ఇటువంటిదే.

మర్నాడు ఒక చిన్న తోట చూడబోయాము. కోతల కాలం. వడగళ్ళ నుంచి కాపాడటానికి తీగల మీద వల కప్పారు. తోట చూసే పెద్దాయన కొంత్రతీస్తా. అంటే నెలకింతని తీసుకొని, పంటలోనూ వాటా పొందే మనిషి. మంచి చవక వైను ఏదని మేనల్లుడు అడిగితే, గుత్తి కోస్తూనే, “చవకైతే సరే. మరీ చవకైతే నా వాటా అందులో ఉండదు” అన్నాడు. మేనల్లుడు తర్జుమా చేసిన ఆ మాట విని మా ఇంటావిడ తల ఊపింది. ధాన్యం ధర పడిపోయిన ఏడు తన పుట్టింట్లో ఎలా గడిచిందో ఆమెకు తెలుసు.

మేము మూడు సీసాలు కొన్నాము: లుహాన్ దె కూజో హోవెన్ మాల్బెక్ ఒకటి, బొనార్దా ఒకటి, ఊకో లోయ రెసెర్వా ఒకటి. అన్నీ నడిమి అరలోవే. అట్టడుగు అరను తాకలేదు. మన పిల్లలిప్పుడు అమెరికాలోనూ, లండనులోనూ ఉంటున్నారు. అక్కడి అంగళ్ళలోనూ ఈ సీసాలు కనబడతాయి. విందు కోసం కొనవలసివస్తే, సీసా బరువు చూడక చీటీ చదవమనండి. ఉత్త దేశం పేరుతో సరిపెట్టక ఊరి పేరు కూడా వేసినదాన్ని తీసుకోమనండి. ఊరి పేరు వేసుకున్నవాడికి ఆ ఊళ్ళో తలెత్తుకొని తిరగవలసిన అవసరం ఉంటుంది.