ముందుబరువు

నిరుడు మా తమ్ముడు నాలుగు చక్రాల ట్రైలరు అమ్మివేసి, రెండు చక్రాలది కొన్నాడు. సందుల్లో వెనక్కు తిప్పడం సులువని వాడి వాదన. నిజమే. కాని నాలుగు చక్రాలది తన బరువు తానే మోసుకొంటుంది. రెండు చక్రాలది కొంత ట్రాక్టరు నడ్డిమీద మోపుతుంది. ఆఫీసులో లెక్కలు చూచే నాకే ఇది తట్టలేదు.

శెనక్కాయల మూటలన్నీ ముందుకు పేర్చి పావగడకు బయలుదేరాము. చెరువుకట్ట ఎక్కుతుండగా ట్రాక్టరు ముందుచక్రాలు జానెడు పైకి లేచాయి. స్టీరింగు తిప్పితే బండి తిరగదే! మడ్గార్డుమీద నా కొడుకు. తమ్ముడు క్లచ్చి, బ్రేకు తొక్కి ఎలాగో నిలిపాడు.

కట్టకింద చేలో ఉన్న నాయన వచ్చి, ఏమీ అనక, సగం మూటలు ఇరుసు వెనక్కు జరిపించాడు. ఎద్దులబండి రోజుల్లో ఆయన నొగ చేత్తో ఎత్తి చూడనిదే కాడి కట్టేవాడు కాదు. ముందుబరువు ఎక్కువైతే ఎద్దు మెడ పుండవుతుంది. తక్కువైతే కాడి లేచి గొంతు బిగుస్తుంది.

నా కొడుకును మాత్రం బస్సెక్కించాడు.