అరిగింది లోపలివైపు

కారున్న ఇంట్లో చాలామంది వారానికోసారి బండి కడుగుతారు. అద్దాలు మెరిసేదాకా తుడుస్తారు. టైర్లలో గాలి కూడా చూయించుకుంటారు. బ్రేకుల జోలికి మాత్రం పోరు. తొక్కితే ఆగుతోంది కదా, చాలు!

గుంటూరులో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు అలా ఊరుకోలేకపోయారు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్పించి ఏడాది తిరక్కుండానే ఎడమ చక్రం దగ్గర కీచుమని చప్పుడు మొదలైంది. కిందటిసారీ ఇంతే. అప్పుడు షెడ్డువాళ్లు 'ప్యాడ్లు అయిపోయాయండీ' అని కొత్తవి వేసి పంపించారు. ఈసారీ అదే మాట అన్నారు. మాస్టారికి లెక్క కుదరలేదు. రెండు చక్రాలూ తిరిగింది ఒకే రోడ్డు, ఒకే దూరం. కుడివైపు ప్యాడ్లు సగం కూడా అరగలేదు. మరి ఎడమవైపే ఎందుకు అయిపోయినట్టు?

పైగా పది రోజుల్లో కొడుకూ కోడలూ మనవలతో తిరుమల ప్రయాణం. కొండ ఎక్కడం ఇంజను పని, దిగడం బ్రేకుల పని. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పటికీ కిందికి దిగాలి. రెండో గేరులో దిగినా మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలు పడాల్సిందే.

తెలిసినవాళ్లు చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఓ పాత మేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్లారు. ఆయన కొత్త ప్యాడ్ల డబ్బా ముట్టుకోనేలేదు. ఎడమ చక్రం విప్పి, పాత ప్యాడ్లు రెండూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"చూడండి మాస్టారూ, జబ్బేంటో ఇవే చెబుతాయి" అన్నాడు.

బయటి ప్యాడ్ మీద ఇంకా 7 మిల్లీమీటర్ల మందం ఉంది. లోపలిది 2కి దిగిపోయింది. అదీ ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువ. కొత్త ప్యాడ్ మీద రాపిడి పొర మామూలుగా 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయాలి. అది కూడా అరిగిపోతే ఇనుప రేకు డిస్కును గీకడం మొదలెడుతుంది. చక్రం ఊచల సందుల్లోంచి మనకు కనబడేది బయటి ప్యాడే. దాన్ని చూసి 'ఇంకా బోలెడుంది' అనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇలా ఎందుకవుతుంది? చాలా చిన్న కార్లలో ముందు చక్రానికి పిస్టన్ ఒక్కటే, అదీ లోపలివైపు. పెడల్ తొక్కగానే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. బయటి ప్యాడ్‌ను నెట్టేవాళ్లు లేరు. మొత్తం క్యాలిపరే రెండు పిన్నుల మీద జరిగి, దాన్ని ఇటు లాక్కొచ్చి అదమాలి. ఆ పిన్నులు జారకపోతే? ఉమ్మడి కుటుంబంలో చాకిరీ అంతా ఒక్క కోడలి మీదే పడ్డట్టు, బండిని ఆపే భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది.

పిస్టన్ బిగుసుకుని వెనక్కి రాకపోయినా లోపలిదే అరుగుతుంది. అందుకని మేస్త్రి ముందు పిస్టన్‌ను బిగింపుతో నెట్టి చూశాడు. మెత్తగా లోపలికి పోయింది. అక్కడ తేడా లేదు. పై పిన్ను వేలితో లాగితే వచ్చేసింది. కింది పిన్ను కదల్లేదు! దాని మీది రబ్బరు తొడుగు ఉబ్బి చిరిగింది. లోపల గ్రీజు ఎండి, నీళ్లు దిగి తుప్పు పట్టింది. ప్యాడ్ ఏటవాలుగా అరగడానికి కారణం అదే. ఒక్కోసారి బ్రేకు గొట్టం లోపల ఉబ్బి, వెళ్లిన ఆయిల్ తిరిగి రాక ఒక చక్రమే పట్టేసినట్టు ఉంటుందట. ఇక్కడ ఆ గొడవ లేదు.

"మొన్న వేసినవాళ్లు బేరింగు గ్రీజు పెట్టినట్టున్నారండీ. పెట్రోలు సరుకు రబ్బరుకు పడదు, ఉబ్బిపోద్ది. దీనికి బ్రేకు గ్రీజే పెట్టాలి" అన్నాడు మేస్త్రి.

తుప్పు నూనె పోసి, అటూ ఇటూ తిప్పి ఆ పిన్ను ఊడదీయడానికే ముప్పావుగంట పట్టింది. అంతసేపూ క్యాలిపర్ గొట్టానికి వేలాడకుండా తీగతో కట్టి ఉంచాడు. పిన్నులూ తొడుగులూ కొత్తవి వేశాడు. ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పును తీగ బ్రష్‌తో గీకాడు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందని, రెండేళ్లు దాటిందని తెలిసి అదీ మార్చాడు. కుడి చక్రం పిన్నులు కూడా తీసి చూశాడు. అవి బాగానే ఉన్నాయి.

"కుడివైపు ప్యాడ్లు సగం పైగా ఉన్నాయి కదయ్యా, అవి ఉంచెయ్యి" అన్నారు మాస్టారు. పొదుపు మనిషి మరి.

"వద్దండీ. ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే గట్టిగా తొక్కినప్పుడు బండి ఓ పక్కకి లాగుద్ది. మారిస్తే నాలుగూ మార్చాలి."

మాస్టారు మరి బేరమాడలేదు. తీరా చూస్తే పిన్నులకీ తొడుగులకీ గ్రీజుకీ అయిన ఖర్చు, ప్యాడ్ల ఖరీదు ముందు లెక్కలోది కాదు. కిందటిసారే ఆ పని జరిగి ఉంటే ఈ ప్యాడ్ల డబ్బు మిగిలేది.

బండి కదిలించే ముందు మేస్త్రి పెడల్‌ను పదిసార్లు తొక్కించాడు. వెనక్కి నెట్టిన పిస్టన్ మళ్లీ ప్యాడ్‌కు ఆనేదాకా మొదటి తొక్కుడు నేలకే పోతుంది. ఆ సంగతి తెలియక రోడ్డెక్కితే గోడే దిక్కు. మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దన్నాడు. కొత్త ప్యాడ్ డిస్కుకు ఒదగాలి.

తిరుమల వెళ్లొచ్చారు. అలిపిరి దగ్గర బండి ఆపి మాస్టారు రెండు ముందు చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి చూశారు. వేడి రెండువైపులా ఒకేలా ఉంది. మనవడు ఏంటి తాతయ్యా అని అడిగితే లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ బొమ్మ గీసి చూపించారు. ఆర్నెల్లకు మళ్లీ చక్రాలు విప్పించి కొలిపించారు. ఎడమవైపు లోపలిది 8, బయటిది 8.