ఐదు ఈటెలు, ఐదు చింతపిక్కలు

గోలీలాటలో ఒక్కో వీధికి ఒక్కో రూల్ ఉంటుంది. పటమటలో చెల్లింది భవానీపురంలో చెల్లకపోవచ్చు. అష్టాచెమ్మా అయినా అంతే, అమ్మమ్మగారి ఊళ్లో లెక్క వేరు, మనింట్లో లెక్క వేరు. అందుకే ఆట మొదలెట్టే ముందు ‘మీ దగ్గర ఎలా ఆడతారు?’ అని అడగడం మనకి అలవాటు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లు దీన్నే హౌస్ రూల్ అంటారు.

‘స్ట్రేంజర్ థింగ్స్’లో పిల్లలు బేస్‌మెంట్‌లో టేబుల్ చుట్టూ చేరి ఆడేది ఈ ఆటే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తీసుకొచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన డంజన్ మాస్టర్. పొట్టిగా డీఎం. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. ఏం చేయబోతున్నారో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. విజయవాడలో మేం ఆరుగురం నెలకి రెండు ఆదివారాలు ఆడతాం. డీఎం నేనే.

మా దగ్గర గొడవ విసిరే ఆయుధాలతో వచ్చింది. మా గుడివాడ ఫ్రెండ్‌ది ఈటెలు విసిరే యోధుడి పాత్ర. మచిలీపట్నం వాడిది విలుకాడి పాత్ర. ఇద్దరూ ఐదో లెవెల్‌కి వచ్చారు. అంటే ఒక్కో వంతులో రెండు దెబ్బలు కొట్టొచ్చు. మేం ఆడేది 2014 పుస్తకంతో. అందులో అమ్ముల పొదిలోంచి బాణం తీయడం కూడా దెబ్బలో భాగమే, కాబట్టి విలుకాడు రెండూ హాయిగా వేసేస్తాడు. ఈటెకి ఆ వీలు లేదు. ఒక వంతులో ఊరికే తీయగలిగేది ఒక్క ఆయుధమే. మొదటి వంతులో చేతిలో ఉన్నదొకటి, కొత్తగా తీసిందొకటి, రెండూ విసిరేస్తాడు. ఆ తర్వాత చేయి ఖాళీ. ఇక వంతుకి ఒకటి తీయడం, అదే విసరడం. రెండో దెబ్బ ఉన్నా లేనట్టే.

పైగా పొడవు విల్లు 150 అడుగుల దాకా మామూలుగానే కొడుతుంది. ఈటెకి 30 అడుగులే. అది దాటితే 120 దాకా విసరొచ్చు గానీ, రెండు పాచికలేసి తక్కువ వచ్చింది తీసుకోవాలి.

“మామా, వాడు రెండేస్తున్నాడు. నేను ఒకటి విసిరి కూర్చోడానికి గుడివాడ నుంచి బస్సెక్కి రావాలా?” అన్నాడు మావాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆరుగురున్న టేబుల్ దగ్గర ఒకసారి వంతు అయిపోతే మళ్లీ రావడానికి పావుగంట పడుతుంది. అంతసేపు ఆగి సగం ఆట ఆడటం ఎవరికి బావుంటుంది? తర్వాతి ఆదివారం వాడు రాలేదు. పనుందని మెసేజ్ పెట్టాడు. మా కాలేజీ బ్యాచ్‌లో సగం మంది హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమందిలో ఒకడు తగ్గితే ఆట ఒక్కటే కాదు, కలవడమే తగ్గిపోతుంది.

వాట్సాప్ గ్రూప్‌లో చర్చ పెట్టాం. మొదటి సలహా తేలిగ్గానే పాసైంది: ఈటె తీయడం కూడా విసరడంలో భాగమే అనుకుందాం. ఇది మరీ సొంత కవిత్వమేమీ కాదు. 2020లో వచ్చిన ‘టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్’లో ఇదొక యుద్ధ శైలిగా ఉంది. కాకపోతే అది కావాలంటే ఇంకో శైలి వదులుకోవాలి. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అయితే విసిరే ఆయుధాలన్నిటికీ ఈ వీలు ఇచ్చేసింది.

రెండో సలహా: పాచిక మీద 1 పడితే ఈటె విరిగిపోవాలి. వినడానికి సరదాగా ఉంది, లెక్కేస్తే కాదు. ఒక్క విసురుకి 1 పడే అవకాశం 5 శాతం. వంతుకి రెండు చొప్పున నాలుగు వంతులాడితే ఎనిమిది విసుర్లు. ఒక్కసారైనా 1 పడే అవకాశం దాదాపు 34 శాతం. పదకొండో లెవెల్ యోధుడు వంతుకి మూడు విసురుతాడు. అతనికి అది 46 శాతం. అంటే నేర్పు పెరిగేకొద్దీ ఈటెలు ఎక్కువ విరుగుతాయన్నమాట! అదేం న్యాయం? కొట్టేశాం.

మూడో సలహా విలుకాడిదే. “అసలు లెక్కే వద్దు మామా, ఎన్నైనా విసరనీ.” ఇది మాత్రం నేను ఒప్పుకోలేదు. కర్ణుడి శక్తి ఆయుధం గుర్తుందిగా? ఇంద్రుడిచ్చింది, ఒక్కసారే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. చివరికి ఆ రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద విసరాల్సొచ్చింది. అది మళ్లీ చేతికొచ్చే ఆయుధమైతే ఆ ఘట్టానికి అంత బరువు ఉండేదా? కృష్ణుడి సుదర్శనం తిరిగొస్తుంది, నిజమే. అది ఆయనకే ఉంది. ఈ ఆటలోనూ డ్వార్వెన్ త్రోయర్ అనే మాయ సుత్తి విసిరితే చేతికి ఎగిరొస్తుంది. అలాంటిది కష్టపడితే దొరికే బహుమతిగా ఉండాలి గానీ, అందరికీ రూల్‌గా పెట్టకూడదు. విసరడమంటే చేతిలోది వదులుకోవడం. ఆ గుబులు లేకపోతే ఈటెకీ బాణానికీ తేడా ఏముంది?

అందుకని ఇలా తేల్చాం. యోధుడి దగ్గర ఐదు ఈటెలు, అతని ముందు ఐదు చింతపిక్కలు. విసిరిన ప్రతిసారీ ఒక పిక్క మ్యాప్ మీదికి వెళ్లాలి. తగిలితే శత్రువున్న గడిలోనే పడుతుంది. తప్పితే డీ8 వేసి ఎటువైపో, డీ4 వేసి ఎన్ని గడుల దూరమో చూస్తాం. నడిచి వెళ్లి తీసుకోవచ్చు. శత్రువూ తీసుకోవచ్చు.

ఇది చెప్పాక మావాడు మళ్లీ బస్సెక్కాడు. ఆ రోజు మూడో వంతుకే ఒక గోబ్లిన్ అతని ఈటె తీసుకుని అతని మీదికే విసిరింది. “ఒరేయ్, అది నాది!” అని కుర్చీలోంచి లేచాడు. మిగిలిన పోరాటమంతా ఆ ఒక్క పిక్క కోసమే సాగింది. విలుకాడు కూడా తన బాణాలు మానేసి దాని వెనకే పరిగెత్తాడు.

మీ టేబుల్‌కి మా రూల్సే పనికొస్తాయని లేదు. కానీ ఎవరి వంతు చప్పగా వెళ్లిపోతోందో చూడండి, పాచిక వేయకముందే మాట్లాడుకోండి. మా గ్రూప్‌లో ఇప్పుడు కొత్త పేచీ మొదలైంది, ఎదుటివాడు విసిరిన ఈటెని గాల్లోనే పట్టుకోవచ్చా అని. ఆదివారం ఆటకి ముందే తేల్చాలి.