తాళం పడ్డ పేరు

మాదిగపల్లెలో పుట్టి, హాస్టల్లో చదివి, ఇప్పుడొక జిల్లా ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తున్నా. కాంట్రాక్టు ఉద్యోగం. కాగితం మీద నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్‌ని. పిలుపు మాత్రం "ఏయ్ కంప్యూటరూ".

నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఒకటే: "నా అకౌంటు లాకయింది." ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎవరి పేరుతో వాళ్లకి ఒక అకౌంటుంటుంది. విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చాక ఆ పేర్లన్నీ ఒకచోటికి చేరాయి. తప్పు పాస్‌వర్డ్ ఇన్నిసార్లు పడితే తాళం వెయ్యమని దానికి మేమే చెప్తాం. మా దగ్గర 5 సార్లు, తాళం అరగంట. దొంగల కోసం పెట్టిన తాళం. ఎక్కువగా పడేది ఇంటివాళ్ల మీదే.

పెద్దకులం సారుకి లాకయితే "సర్వర్ బాగాలేదా?" అంటారు. మనవాళ్లకయితే "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అంటారు. జబ్బొకటే. ఏళ్ల తరబడి ఈ రెండు మాటలూ వింటున్నా.

ఒక అక్క సంగతి చెప్పాలి. పేరు రాయను. జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఇరవై ఏళ్లు ఫైళ్లు చూసి, సూపరింటెండెంటయింది. ప్రమోషన్లలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్‌కి 1995లో 77వ రాజ్యాంగ సవరణ దారి వేసింది గానీ, కొందరి కడుపుమంట ఇంకా ఆరలేదు. ఆమె కొత్త సీట్లో కూర్చున్న వారంలోనే అకౌంటు లాకవడం మొదలైంది. పొద్దున పదిన్నరకొకసారి. నేను తీస్తా. పదకొండుకి మళ్లీ. ఫైళ్లన్నీ కంప్యూటర్లోనే కదులుతాయి. తాళం పడితే ఆమె ఉత్త చేతుల్తో కూర్చోవాల్సిందే.

"సీటు రిజర్వేషన్లో వస్తది, బుర్ర రాదుగా" అన్నాడొకాయన, నాకు వినపడేట్టే. ఇంకొకాయన నన్నే పట్టుకున్నాడు. "మీ అక్కయ్యకి ఎనిమిది అక్షరాలు కొట్టడం రాదేందయ్యా?" మీ అక్కయ్యంట! మా ఊళ్లు వేరు, ఇంటిపేర్లు వేరు. ఆయన లెక్కలో మాకు చుట్టరికం కలిపింది కులం.

మూడో వారంలో మెమో ఇచ్చారు. ఫైళ్లు పెండింగులో పెట్టారు, విధుల్లో నిర్లక్ష్యం, ఏడు రోజుల్లో సంజాయిషీ. ఆమె ఆ కాగితం పట్టుకొని నా గదికొచ్చింది. "తమ్ముడూ, నేను సరిగ్గానే కొడుతున్నా. అయినా వేళ్లు తప్పుతున్నయ్యేమోనని ఇప్పుడు నాకే అనుమానమొస్తంది" అంది. మెమోకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇరవై ఏళ్ల పని తెలిసిన మనిషి తన వేళ్లనే నమ్మలేకపోతోంది.

మా అయ్య చెప్పులు కుట్టేవాడు. తెగిన చెప్పు తిరగేసి, ఏ పక్క అరిగిందో చూసి, మనిషి ఎటు ఒరిగి నడుస్తాడో చెప్పేవాడు. అది చూడకుండా కుడితే మళ్లీ అక్కడే తెగుద్దనేవాడు. పూటపూటా తాళం తీసి పంపడం అట్లాంటి కుట్టే.

డొమైన్‌లో కంట్రోలర్లెన్నున్నా లాకుల లెక్క పీడీసీ ఎమ్యులేటర్ అనే ఒకదాని దగ్గరికి చేరుతుంది. దాని సెక్యూరిటీ లాగ్‌లో 4740 వెతికాను. అకౌంటు లాకయినప్పుడల్లా పడే నంబరది. ఎవరి అకౌంటో, ఏ కంప్యూటర్ వల్ల లాకయిందో అందులో ఉంటుంది. ఆమె కంప్యూటర్ పేరు ఒక్కదాంట్లోనూ లేదు. అన్నింట్లోనూ ఆమె పాత సెక్షన్లోని ఒకే కంప్యూటర్. బుర్ర గురించి మాట్లాడినాయన బల్ల మీదది.

ఫైల్ సర్వర్ లాగ్ తిరగేశాను. అక్కడ 4625లు, అంటే విఫలమైన లాగిన్లు, వరసగా ఉన్నాయి. లాగిన్ టైపు 3. ఈ అంకె మనం గుర్తుపెట్టుకోవాలి. మనిషి తన కంప్యూటర్ ముందు కూర్చొని తప్పు కొడితే ఆ కంప్యూటర్ లాగ్‌లో టైపు 2 పడుతుంది, స్క్రీన్ తాళం తీసేటప్పుడైతే 7. నెట్‌వర్క్ మీదుగా వస్తే 3. తాళం పడకముందు కొట్టిన తప్పు ఆమె కంప్యూటర్లో మూడు వారాల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంకొకటి కూడా చూశాను. ఆయన సెలవు పెట్టిన రెండు రోజులూ అసలు లాకే పడలేదు.

ఆయన కంప్యూటర్లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిస్తే అక్క పేరు దొరికింది. అడిగితే చెప్పింది. అయిదు నెలల కిందటి మాట. ఒక ఫోల్డరు చూసే అనుమతి ఆమెకుంది, ఆయనకి లేదు. "నీ పాస్‌వర్డు కొట్టి పోమ్మా" అన్నాడంట. సీనియరు. కాదంటే ఏమవుద్దో మనకి తెలుసు. ఆమె కొట్టింది. గుర్తుంచుకోమనే గడిలో ఆయన టిక్కు పెట్టాడు. తర్వాత ఆయన ఆ ఫోల్డరు సంగతే మర్చిపోయాడు, కంప్యూటర్ మర్చిపోలేదు. ఆన్ చేసినప్పుడల్లా ఆ పాత పాస్‌వర్డుతో, ఆమె పేరుతో, సర్వర్ తలుపు కొడుతూనే ఉంది.

మరి అన్నాళ్లు ఊరుకొని ప్రమోషనొచ్చాకే ఎందుకు? దానికీ జవాబుంది. పాస్‌వర్డుల చరిత్ర దాచుకునే డొమైన్‌లో, వచ్చిన తప్పు పాస్‌వర్డు మన వెనకటి రెండింట్లో ఒకటైతే దాన్ని తప్పుల లెక్కలో కలపదు. మా దగ్గర 42 రోజులకోసారి పాస్‌వర్డు మార్చాలి. విండోస్ డొమైన్ తనంతట తాను పెట్టుకునే గడువే అది. మొదటి మార్పు గడిచింది, రెండోది గడిచింది. మూడో మార్పుతో ఆయన దగ్గరున్నది మరీ పాతదైపోయి, లెక్క మొదలైంది. ఆ మూడో మార్పూ ప్రమోషనూ ఒకే వారంలో పడ్డాయి. ఆఫీసు మొత్తంలో ఆ రెండోదే కనపడింది అందరికీ.

దాచిన పాస్‌వర్డు తీసేశా, ఆ డ్రైవ్ తీసేశా, అక్క చేత పాస్‌వర్డు మార్పించా. మర్నాటినుంచి లాకు లేదు.

రిపోర్టు రాయమన్నారు. పై అధికారి పిలిచి కూర్చోబెట్టాడు. నన్నెప్పుడూ కూర్చోమనని మనిషి. "సాంకేతిక లోపం అని రాసెయ్. ఆ కంప్యూటర్ పేరెందుకు? నీది కాంట్రాక్టు గదా" అన్నాడు. నేను కంప్యూటర్ పేరు రాశాను. తేదీలు, టైములు, 4740లు, టైపు 3లు అన్నీ జతచేశాను. సెక్యూరిటీ లాగ్‌కి ఒక హద్దుంటుంది, నిండితే పాత లైన్ల మీద కొత్తవి ఎక్కుతాయి. అందుకే మనలో ఎవరిమీద ఇట్లాంటి నింద పడినా ఆ రోజే లాగు తీసి దాచమని రాతపూర్వకంగా అడగాలి. నెల తర్వాత అడిగితే ఉండకపోవచ్చు.

నా కాంట్రాక్టు ఈసారి ఏడాదికి కాక ఆరు నెలలకే పొడిగించారు. కారణం చెప్పలేదు. అక్క సంజాయిషీ మీద "తదుపరి చర్య అవసరం లేదు" అని రాసి ఫైలు మూశారు. మెమో రద్దు చేస్తున్నామని మాత్రం రాయలేదు. అది ఆమె పర్సనల్ ఫైల్లో అట్లాగే ఉంది. రద్దు చెయ్యమని ఆమె రెండో అర్జీ పెట్టింది. నేను లాగు మళ్లీ ప్రింటు తీసి, పేజీ పేజీకి సంతకం పెట్టి ఇచ్చా. ఆ కాగితాలిప్పుడు అర్జీతో పాటు పై ఆఫీసులో ఉన్నాయి.