పాంపేయి వీధిలో

నాకూ నా శ్రీమతికీ మూడు రోజులు సెలవు దొరికింది. ఇటలీలోని నేపుల్స్ నగరానికి వెళ్ళాం. దగ్గరలోనే పాంపేయి శిథిలాలున్నాయి. "రాళ్ళు చూడడానికి ఇంత దూరమా?" అని నేను విసుక్కున్నాను.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ఆ పట్టణాన్ని బూడిదలో పూడ్చివేసింది. రాతి బాటలపై బండి చక్రాల జాడలు నేటికీ ఉన్నాయి. తవ్వకాలలో ఒక దుకాణం పొయ్యిలో మాడిపోయిన 81 రొట్టెలు దొరికాయట. "ఏమండీ, కాల్చడానికి పెట్టినవాళ్ళు ఏమయ్యారో!" అంది ఆమె. నేను జవాబు చెప్పలేకపోయాను. నా విసుగు ఎటో పోయింది.

మరునాడు నేపుల్స్ మ్యూజియంలో ఒక దంతపు బొమ్మను చూశాం. మన దేశపు పనివారు చెక్కిన ఆ స్త్రీమూర్తి 1938లో పాంపేయిలో దొరికింది. చేతుల నిండా గాజులు, కాళ్ళకు కడియాలు! సముద్రాలు దాటింది, పద్దెనిమిది వందల ఏళ్ళకు పైగా బూడిద కింద ఉంది. అయినా ఆమె మన ఆడపడుచేనని చూడగానే తెలిసింది. ఇల్లు విడిచి ఎంత దూరం వెళ్ళినా పుట్టింటి పోలిక పోలేదు.