అద్దె ఇంటి గోడ

పరుల ఇంట నివసించి, అందుకు ప్రతిఫలంగా నెలనెలా చెల్లించే సొమ్ముకు తెలుగునాట ప్రాంతానికొక పేరు ఉంది. రాయలసీమలో అది బాడుగ, కోస్తాలో అద్దె, తెలంగాణలో కిరాయి. ఖమ్మం జిల్లా దక్షిణపు కొసన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువగా ఉన్న బోనకల్‌లో అద్దె, కిరాయి అనే రెండు మాటలూ వినిపిస్తాయి. కాజీపేట - విజయవాడ రైలుమార్గంలో స్టేషన్ ఉన్న ఊరు అది. మండల కేంద్రం కూడా. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఆరోగ్య సిబ్బంది, రైల్వే కార్మికులు బదిలీల మీద ఇటువంటి ఊళ్లకు వస్తారు, కొన్నేళ్లుండి వెళతారు. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు భద్రాచలం కూడా ఖమ్మం జిల్లాలోనిదే. కనుక ఒకప్పుడు మన్యం నుండి మైదానానికి, మైదానం నుండి మన్యానికి ఉద్యోగులు పెట్టెబేడా సర్దుకొని తిరుగుతూ ఉండేవారు. అటువంటి వారి జీవితంలో అధికభాగం పరుల గోడల మధ్యనే గడిచిపోయింది.

ఇల్లు అద్దెకిచ్చేవారందరూ ధనవంతులు కారు. మిరప, పత్తి పండిన సంవత్సరాల్లో మిగిలిన నాలుగు డబ్బులతో ఒక డాబా లేపి, ముందు భాగంలో తాముండి, వెనుక రెండు గదులను అద్దెకిచ్చే రైతులు ఇటువంటి ఊళ్లలో ఎందరో ఉంటారు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలోని బరువు వారికి అనుభవంలో తెలుసు. ప్రతి ఇటుకకు చెల్లించిన ధర గుర్తున్నవాడు గోడకు ఒక మేకు కొట్టినా ఉలిక్కిపడతాడు. ఇది పిసినారితనం కాదు, కష్టార్జితం మీద మమకారం.

అద్దెకు వచ్చినవారి మనస్సు వేరు. ఇల్లు తమది కాదని వారికి తెలుసు. కాని ఉదయం కళ్లు తెరవగానే కనిపించేవి ఆ గోడలే. పిల్లలు చదువుకొనేది ఆ గోడల నడుమనే. చుట్టాలను కూర్చోబెట్టేది ఆ ముందుగదిలోనే. అందుచేత వారు అప్పుడప్పుడు చిన్న చిన్న కోరికలు కోరుతూ ఉంటారు. గదికి రంగు వేయించమంటారు. తలుపు కింద చెక్క చీకిపోయింది, మార్పించమంటారు. వంటగట్టు మీద పలకలు పరిపించమంటారు. ఇవేవీ లేకపోయినా కాలం గడుస్తుంది. ఉంటే మాత్రం ఆ ఇంట బ్రతకడం కొంత సులువవుతుంది.

ఇటువంటి కోరికకు యజమాని ఇచ్చే జవాబు ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. ఆ ఇంటి వెనుక భాగంలోకి జూన్ నెలలో, బడులు తెరిచే వేళకు, ఒక ఉపాధ్యాయిని భర్తతో, ఇద్దరు పిల్లలతో చేరింది. దసరా దగ్గరపడింది. ఊరిలో ఇళ్లకు వెల్లలు వేస్తున్నారు. ముందుగదిలో పాత రంగు పొడిపొడిగా రాలి పిల్లల బట్టలకు అంటుతున్నది. ఆమె సంకోచిస్తూనే యజమానిని అడిగింది.

“బాబాయిగారూ, పండుగలోపు ఈ గదికి కాస్త రంగు వేయిస్తే బాగుంటుందండీ.”

ఆయన చెడ్డవాడు కాడు. నవ్వుతూనే అన్నాడు: “సొంతిల్లు కట్టుకున్నప్పుడు నచ్చిన రంగు వేసుకుందువుగానిలే టీచరమ్మా!”

అరుగు మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఆమె ఆయనను ఏదీ అడగలేదు. యజమాని దానిని మంచి లక్షణంగా భావించాడు. ‘నోరులేని మనుషులు, నెల తిరగగానే కిరాయి ఇస్తారు’ అని పదిమందికీ చెప్పుకొన్నాడు.

అడిగినవారికి యజమానులు ఇచ్చే జవాబులు సాధారణంగా నాలుగు విధాలుగా ఉంటాయి. మొదటిది ‘చూద్దాంలే’ అనడం. ఇందులో అంగీకారమూ లేదు, నిరాకరణమూ లేదు. అడిగినవారు నెలల తరబడి ఎదురుచూస్తూ, మళ్లీ అడగడానికి మొగమాటపడుతూ ఉంటారు. రెండవది ‘కావాలంటే మీరే వేయించుకోండి’ అనడం. ఖర్చు అద్దెదారుది, మిగిలే గోడ యజమానిది. మూడవది ‘వేయిస్తాను, అద్దె పెంచుతాను’ అనడం. వినడానికి కటువుగా ఉన్నా, ఎంత పెంచేదీ ఎన్నాళ్లకు పెంచేదీ ముందే చెబితే ఇది నిజాయితీగల జవాబే. నాలుగవది ఒక పద్ధతిని ఏర్పరచుకోవడం: ఇన్నేళ్లకొకసారి వెల్ల, కొత్తవారు చేరేముందు రంగు, మధ్యలో కావాలంటే సగం సగం. ఈ నాలుగవ మార్గంలో నడిచే యజమానికి వాదులాట తక్కువ. ఒక వాటాకు రంగు వేయిస్తే మిగిలిన వాటాలవారు కూడా అడుగుతారన్న భయం కూడా అతనికి ఉండదు. అందరికీ ఒకటే నియమం కనుక.

రంగుకయ్యే ఖర్చును లెక్కవేసి చూసేవారు తక్కువ. రెండు గదులకు రంగు వేయించడానికి పన్నెండు వేల రూపాయలు అవుతాయనుకొందాం. అది నాలుగేళ్లు నిలిస్తే, నలభై ఎనిమిది నెలలకు పంచగా నెలకు రెండువందల యాభై రూపాయలు. ఆ ఇంటి అద్దె నాలుగు వేలయితే, విసిగిన కుటుంబం ఖాళీ చేసి ఇల్లు మూడు నెలలు తాళం వేసి ఉన్నప్పుడు పోయేది కూడా సరిగ్గా పన్నెండు వేలే. పైగా కొత్తగా వచ్చేవారు ముందుగా అడిగేది రంగునే.

అద్దెదారు తన సొమ్ముతో రంగు వేయించుకోవడానికి వెనుకాడటంలో కూడా న్యాయం ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలు పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. ఆ శ్రమ, ఖర్చు తప్పించుకోవడానికి మన ప్రాంతంలో పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. పన్నెండవ నెలలో ఉంటామో లేదో తెలియనివారు నాలుగేళ్లు నిలిచే రంగుకు ఎలా ఖర్చు పెడతారు?

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఇంటికి చేసే పనులలో కొన్ని అలంకారాలు, కొన్ని మరమ్మతులు. మన ఆలంకారికులు కావ్య విషయంలో శరీరాన్నీ అలంకారాన్నీ వేరుచేసి చూపారు. ఇంటి విషయంలో ఆ గీత అంత స్పష్టంగా ఉండదు. రంగు పెచ్చులూడటం పైకి అందానికి సంబంధించిన లోపంగా కనిపిస్తుంది. కాని గోడలో చెమ్మ చేరితే తొలుత చెప్పేది ఆ రంగే. అది ఉబ్బుతుంది, పొక్కుతుంది, రాలుతుంది. చెమ్మకు కారణం వెదకకుండా పైన లప్పం పూసి మళ్లీ రంగు వేసినా, వానాకాలం వచ్చేసరికి అదే చోట మళ్లీ పొక్కుతుంది. కనుక ‘గోడ బాగాలేదు’ అన్న ఫిర్యాదును సోకు కోసం అడిగిన కోరికగా కొట్టివేయడం కంటే, వెళ్లి ఒకసారి చూడటం యజమానికే మేలు.

ఆ ఊహించిన ఇంట కూడా అదే జరిగింది. మరుసటి వానాకాలంలో స్విచ్చుబోర్డు పక్కన అరచేయంత మేర గోడ నల్లబడింది. మునుపటి నవ్వు ఆమె చెవులలో ఇంకా వినిపిస్తూనే ఉంది. అందుచేత యజమానికి చెప్పలేదు. మరక మీద ఒక పెద్ద క్యాలెండరు తగిలించింది. చుట్టాలకు మరక కనిపించలేదు. యజమానికీ కనిపించలేదు. ఒకనాటి సాయంత్రం ఆమె చిన్న కుమారుడు దీపం వేయబోయి, చేయి జివ్వుమనగా కేకవేసి వెనక్కు పడ్డాడు. అదృష్టవశాత్తు ప్రమాదమేమీ జరగలేదు. కరెంటు పనివాడు వచ్చి క్యాలెండరు తీసి చూశాడు. గోడ తడిసి మెత్తబడి ఉంది. డాబా మీదకు ఎక్కి చూస్తే, పిట్టగోడ పగులులో ఒక రావిమొక్క వేరూని ఉంది. ఆ వేరు వెంట వాననీరు గోడలోకి దిగుతున్నది.

“ఇంత జరుగుతుంటే ఒక్క మాట చెప్పవద్దా టీచరమ్మా?” అన్నాడు యజమాని.

“ఏమని చెప్పను బాబాయిగారూ? సొంతిల్లు కాదుగదా అన్నారు,” అన్నదామె.

ఆయన వెంటనే బదులు పలకలేదు. మొక్కను వేళ్లతో సహా పెకలించి, పగులు పూడ్పించి, తడిసిన తీగలు మార్పించేసరికి అయిన ఖర్చు, ఆనాడు ఆమె అడిగిన రంగు ఖర్చుకు రెండింతలు దాటింది. ఆయనను ఎక్కువగా బాధించింది మాత్రం ఖర్చు కాదు. తన ఇంట పెరుగుతున్న ఒక పసివాడికి తన వేళాకోళం వల్ల కీడు జరగబోయిందన్న సంగతి ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. చిన్న కోరికను చిన్నబుచ్చినవానికి పెద్ద ప్రమాదపు వార్త ఆలస్యంగా చేరుతుంది.

ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య తగవు ఈనాటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలోనే అద్దె ఇంటి ప్రస్తావన ఉంది. పొమ్మన్నా పోని అద్దెదారుకూ, తగిన కారణం లేకుండా వెళ్లగొట్టే యజమానికీ అందులో దండన చెప్పబడింది. తనంత తానుగా మధ్యలో వెళ్లిపోయేవాడు ఆ ఏడాదిలో మిగిలిన అద్దె చెల్లించాలన్న నియమమూ ఉంది. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఇద్దరి విధులనూ చెబుతుంది. తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన తరువాత కూడా తగిన గడువులో యజమాని చేయకపోతే, అద్దెదారు చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అద్దెదారు అనుమతి లేకుండా శాశ్వత కట్టడాలు కట్టరాదు. సహజమైన అరుగుదల తప్ప, ఇంటిని తాను పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి.

రంగు మాట స్పష్టంగా చెప్పినది 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం. రాష్ట్రాలు తమ చట్టాలను రూపొందించుకోవడానికి ఆధారంగా ఉండాలన్నది దాని ఉద్దేశం. అందులోని అనుబంధం ప్రకారం, ఒప్పందంలో వేరుగా లేకపోతే, గోడలకు వెల్ల, తలుపులకు కిటికీలకు రంగు, నీటి గొట్టాల మార్పు, విద్యుత్ తీగల పని యజమాని బాధ్యతలు. మురుగు కాలువ శుభ్రం చేయించడం, స్విచ్చులు బాగుచేయించడం, గడియలు తాళాలు మార్చడం, కిటికీ అద్దాలు వేయించడం అద్దెదారు బాధ్యతలు.

జర్మనీ దేశంలో ఈ పనులకు ‘సౌందర్య మరమ్మతులు’ అని అర్థం వచ్చే ఒక ప్రత్యేక పదమే ఉంది. రంగు వేయని ఇంటిని అద్దెకు పుచ్చుకొన్నవానిపై, తగిన పరిహారం ఇవ్వకుండా, రంగు వేయించే భారాన్ని మోపరాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2015లో తీర్పు చెప్పింది. అటువంటి ఇల్లు కాలక్రమంలో మరీ పాడయితే అద్దెదారు యజమానిని రంగు వేయించమని అడగవచ్చుననీ, అయితే ఇల్లు తాను చేరిననాటికన్నా మెరుగవుతుంది కనుక సాధారణంగా సగం ఖర్చు భరించాలనీ అదే న్యాయస్థానం 2020లో తేల్చింది. అంత దూరదేశపు న్యాయమూర్తులు చేరిన ముగింపుకు, మన పల్లెల్లో సగం సగం పెట్టుకొనే ఇద్దరు మనుషులు న్యాయస్థానం గడప తొక్కకుండానే చేరుకోగలరు. కావలసినదల్లా అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడం.

ఆ ఊహించిన ఇంట చివరకు జరిగినదీ అదే. యజమాని ఒక తెల్లకాగితం తెచ్చాడు. చెమ్మ, తీగలు, గొట్టాలు తన వంతు అని వ్రాయించాడు. నాలుగేళ్లకొకసారి రంగు తానే వేయిస్తానన్నాడు. లేత రంగులలో ఏది వేయాలో ఆమె ఎంచుకోవచ్చు. మేకులు కొట్టవలసిన చోట్లు ముందే చూపిస్తాడు. వెళ్లేనాడు ఆ రంధ్రాలు పూడ్పించడం ఆమె వంతు. ఆమె తెచ్చుకొన్న పంకాలు, దీపాలు ఆమె వెంటే పోతాయి. ఇంటితో ఉండిపోయేది ఇంటివాడి ఖర్చు, మనిషితో వెళ్లిపోయేది ఆ మనిషి ఖర్చు అన్నది ఆ కాగితంలోని సారాంశం. ఏదైనా అడిగితే పదిహేను రోజుల్లో ఔననో, కాదనో, కారణంతో సహా చెప్పాలన్న మాటను ఆయనే పట్టుబట్టి చేర్పించాడు. అడిగినదెల్లా ఇవ్వడం ఏ యజమానికీ సాధ్యం కాదు. అడిగినవారిని మనుషులుగా చూసి జవాబు చెప్పడం అందరికీ సాధ్యమే.

పండుగకు ముందు ముందుగదికి లేత పసుపు రంగు పడింది. ఆ ఇంట మారినది మాత్రం రంగు ఒక్కటే కాదు. మరుసటి వారమే ఆమె, “బాబాయిగారూ, పెరటి కొళాయి కారుతున్నదండీ,” అని వచ్చి చెప్పింది. ఆయన అప్పుడే లేచి వెళ్లి చూశాడు.

ప్రతి ఉదయం అద్దె ఇళ్లలోని స్త్రీలు తమది కాని వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడతారు. తమది కాని గడపకు పసుపు రాస్తారు. అందుకు వారు ఎవరి అనుమతీ అడగరు, ఎవరి వద్దా ఖర్చు పుచ్చుకోరు. సొంతం కాని ఇంటిని కూడా అంతగా తమదనుకొనేవారు ఒకనాడు గోడకు కాస్త రంగు కావాలని అడిగితే, ఆ కోరికను వినేటప్పుడు యజమాని ఆ ముగ్గును ఒకసారి చూడటం మంచిది.